ఆశయ్య టేపుల్లో లేని పాట

మొన్నామధ్య ఒక శనివారం పొద్దున చేవెళ్లలో మా ఇంటి ముందు ఆటో ఆగింది. దిగింది సునంద. మొయినాబాదులో జాకెట్లు కుట్టే దుకాణం నడుపుతుంది కాబట్టి ఆ బజారులో ఆమెను ఎరగనివాళ్లు లేరు. నాకు మాత్రం ఆమె ఎప్పటికీ ఆశయ్య బిడ్డే. ఆశయ్య పోయి పదకొండు నెలలవుతోంది. చెప్పులు విడుస్తూనే విషయంలోకి వచ్చేసింది. "సంవత్సరీకం వస్తున్నది టీచర్. దినాలకు మీరందరు వచ్చి టేపులు పెట్టిండ్రు, మస్తు బాగుండె. ఈసారి నాకు ఒక్క పాట గావాలె. మా అమ్మ నాట్ల పాట." వాళ్లమ్మ లచ్చమ్మ నాట్లు వేస్తూ పాడిన పాటను ఆశయ్య శాక్సఫోన్ మీద వాయించేవాడు. ఆమె పోయాక మళ్లీ ఆ పాటను ముట్టుకోలేదు. "అప్పటికి నాకు ఆరేండ్లు. అమ్మ ఫొటో ఒక్కటి గూడ సక్కగ లేదు. ఆ పాట ఎట్లుంటదో యాదికొస్తలేదు. బాపును ఎప్పుడన్న అడుగొచ్చులే అనుకున్న, అడగనే లేదు. మీ దగ్గర ఉంటది గదా?" అంది. ఉండకేం అన్నాను. నా దగ్గర లేని ఆశయ్య టేపు ఈ భూమ్మీద ఎక్కడా లేదు మరి. అంత ధీమా నాకు.

ఆశయ్య ఎవరో తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. మొయినాబాద్ మనిషి. వయసులో ఉండగా సికింద్రాబాదు పోయి ఒక హోటల్ బ్యాండులో చేరి అక్కడే శాక్సఫోన్ నేర్చాడు. ఆ బ్యాండు వాయించేదాన్ని జాజ్ అనేవారట. ఒక పాటను తీసుకొని ముందు దాన్ని ఉన్నదున్నట్టు వాయించి, ఆ తర్వాత దాని మీద అప్పటికప్పుడు తోచిందల్లా వాయించుకుంటూ పోవడమే ఆ విద్య. పెళ్లయిన కొన్నేళ్లకు పట్నం వదిలి ఊరికొచ్చి పెళ్లిళ్ల బ్యాండులో ఎర్రకోటు తొడుక్కున్నాడు. ఎదురుకోళ్లలో పెళ్లివారు ఏ పాట అడిగితే ఆ పాట వాయించేవాడు. మొదటిసారి పాట పాటలాగే ఉండేది. రెండోసారి చివర కొంచెం ఆగి, ఏదో మరిచిపోయిన మనిషిలా అటూ ఇటూ చూసేవాడు. మూడోసారి వెళ్లిపోయేవాడు. ఎటు పోతాడో ఆయనకే తెలియదు. దానికి ఆయన టేపులు పట్టే మేము పెట్టుకున్న పేరు గట్టు దాటడం. "ఇయ్యాల గట్టు దాటిండా?" అని అడిగేవాళ్లం ఒకరినొకరు. దాటిన రోజు పెళ్లికొడుకును కూడా ఎవరూ చూసేవాళ్లు కాదు. మా అవ్వ ఆ వాయిద్యాన్ని వంకర సన్నాయి అనేది. ఆమె నోట పడ్డాక చుట్టుపక్కల ఊళ్లన్నింటిలో దాని పేరు అదే అయిపోయింది.

మాది ఎంకపల్లి. బాపు వరి, కూరగాయలు పండించేవాడు. ఇంట్లో పెత్తనం మా అవ్వది. చీకటితోనే లేచి పొయ్యి రాజేసి జొన్నరొట్టెలు కొట్టేది. ఆ చప్పుడుకే మేము లేచేవాళ్లం. ఆమెకు ఇద్దరు కొడుకులు, మా బాపు పని కోసం పుట్టాడనీ మా చిన్నబాపు పాట కోసం పుట్టాడనీ నలుగురిలోనే అనేసేది. ఆ చిన్నబాపు ఎక్కడ తిరిగి సంపాదించాడో ఒక టేప్ రికార్డర్ పట్టుకొచ్చాడు. దానికి జరిగిన సేవ ఆ ఇంట్లో పసిపిల్లలకు కూడా జరగలేదు. కొబ్బరి పుల్లకు దూది చుట్టి, దవాఖానలో అడిగి తెచ్చుకున్న స్పిరిటులో ముంచి, టేపు తగిలే దాని తల తుడిచేవాడు. వానాకాలం చెమ్మకు రీళ్లు అతుక్కుంటున్నాయని క్యాసెట్లను అవ్వ తొక్కు జాడీల పక్కన, పొయ్యి వెచ్చదనం తగిలే అరలో పెట్టాడు. అందుకే ఈ రోజుకూ ఆ డబ్బా మూత తీస్తే మామిడి తొక్కు వాసన, మెంతిపొడి వాసన, వాటి వెనకనే సన్నగా స్పిరిటు వాసన వస్తాయి. పాట మొదలుకాక ముందే నాకు నోట్లో నీళ్లూరతాయి. ఈ సంగతి చెప్తే మా పిల్లలు నవ్వుతారు, నవ్వనీ.

ఆశయ్య ఎక్కడ వాయిస్తే అక్కడికి మేమిద్దరం పోయేవాళ్లం. చిన్నబాపు చేతిలో టేప్ రికార్డర్, నా చేతిలో గొడుగు. ఆ గొడుగు ఎండకూ వానకూ కాదు. దాన్ని తెరిచి, కాడకు మైకు కట్టి, లోపలి గుంటను బ్యాండు వైపు తిప్పి పెడితే చెదిరిపోయే చప్పుడంతా అందులో పడుతుందని చిన్నబాపు కనిపెట్టాడు. నిజంగానే పడేది. అక్కడికి పోయాక ఆయన గొడుగు పట్టుకుంటే మీటలు నావి. మా బాపుకు ఇది అస్సలు నచ్చేది కాదు. "పటేలింటి పొల్ల బ్యాండోళ్ల ఎంబడి తిరుగుడేందిరా? రేపు సంబంధాలు ఎట్ల వస్తయి?" అని తమ్ముడి మీద లేచేవాడు. అవ్వ చింతపండు గింజలు తీస్తూ తల కూడా ఎత్తకుండా అనేది, "పొల్ల పోకపోతె నాకు టేపెవడు తెస్తడు? నువ్వు తెస్తవా?" బాపు కండువా దులుపుకొని బావి దగ్గరికి పోయేవాడు. అవ్వ నా పక్షాన ఉందని అప్పట్లో మురిసిపోయాను. ఆమె తన పక్షానే ఉండేది. మధ్యాహ్నం పప్పులు బాగుచేసుకుంటూ వంకర సన్నాయి వినకపోతే ఆమెకు పొద్దు పోయేది కాదు.

అన్నింటిలోకీ గొప్పది చేవెళ్ల అంగడి కచేరి. పెళ్లిళ్లు లేని రోజుల్లో, వారపు అంగడి పలచబడే వేళకు ఆశయ్య గోదాము మెట్ల మీద నిలబడేవాడు. పక్కన మెడలో డోలు వేసుకొని నర్సింలు. ఇద్దరే. ఎవరూ పిలిచింది కాదు, ఎవరి కోసమూ కాదు. మిగిలిపోయిన వంకాయలు, ఎద్దుల మువ్వలు, బీజాపూర్ రోడ్డు మీద బస్సు హారన్లు, వాటి మధ్యలో ఆయన లచ్చమ్మ నాట్ల పాట ఎత్తుకునేవాడు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి మాలాంటి పిచ్చోళ్లు ఎవరి టేపులు వాళ్లు తెచ్చుకొని మెట్ల కింద కూర్చునేవాళ్లం. మాలో మాకు కట్టుబాట్లు ఉండేవి. ఈల వేయకూడదు, వాహ్ అనకూడదు, దగ్గు వస్తే లేచి అవతలికి పోవాలి. ఎవరి టేపు బాగా వస్తే వాళ్ల ఇంటికి పోయి మిగిలినవాళ్లు ఎక్కించుకోవాలి, వాళ్లు అన్నం పెట్టకుండా పంపకూడదు. ఆ టేపులు పట్టుకొని ఎన్ని కొట్లాటలు! ఎంకపల్లి ఎదురుకోలు గొప్పదా, చేవెళ్ల అంగడి గొప్పదా అని ఇద్దరు వియ్యంకులు ఏడాది పాటు మాట్లాడుకోలేదు. చేవెళ్ల అంగడే గొప్పదని నేను ఆ రోజు అన్నాను, ఈ రోజూ అంటాను. కాదన్నవాళ్లు రండి, కూర్చోబెట్టి వినిపిస్తాను.

ఇప్పుడు మా ఘనకార్యం చెప్తాను. ఆ రోజుల్లో మంచి క్యాసెట్టు దొరకడమే గగనం. దొరికిన దాన్ని పొదుపుగా వాడాలని చిన్నబాపు ఒక పద్ధతి పెట్టాడు. "పాట అందరికి ఎరుకున్నదే గదా బిడ్డా. ఎరుకున్నదాన్ని పట్టి ఏం జేస్తం? గట్టు దాటినప్పుడు పట్టు." అంతే, ఆశయ్య పాటను పాటలాగా వాయిస్తున్నంతసేపూ నా బొటనవేలు ఆపే మీట మీదే ఉండేది. గట్టు దాటే ముందు ఆయన ఎడమ భుజం ఒక్క రవ్వ పైకి లేచేది. అది కనిపెట్టింది నేనే. భుజం లేచిందా, వేలు వదిలానా, ఊపిరి కూడా తప్పిపోకుండా రీలు తిరిగేది. మళ్లీ ఆయన పాటలోకి దిగాడా, టక్కున ఆపేదాన్ని. మిగిలినవాళ్లు తడబడేవాళ్లు, నేను తడబడేదాన్ని కాదు. "పటేలమ్మ చేతివాటం" అని పేరు వచ్చింది. నా పద్ధతి చూసి అందరూ అదే పట్టారు. ఒకసారి ఆశయ్య మా ఇంటికొచ్చి అరుగు మీద కూర్చొని తన టేపు తానే విన్నాడు. మొత్తం విని, టీ గ్లాసు కింద పెట్టి, "ఇల్లు ఇడిసిపెట్టి తొవ్వనే పట్టిండ్రు గదమ్మా" అన్నాడు నవ్వుతూ. ఆ దారి పట్టినందుకు మెచ్చుకున్నాడనుకొని నేను వారం రోజులు నేల మీద నడవలేదు.

సునందను కూర్చోబెట్టి చేవెళ్ల అంగడి టేపు పెట్టాను. మోకిలలో కొత్త విల్లాల్లో ఉండే ఒక ఇంజనీరమ్మాయి ఈ టేపులన్నీ ఫోనులోకి ఎక్కించి నెట్లో పెట్టింది. ఎక్కడెక్కడి వాళ్లో విని, ఈయన ఎవరు, ఇన్నాళ్లు ఎక్కడ దాచారు అని రాస్తుంటారు. అయినా నాకు క్యాసెట్టు తిరుగుతూ కనిపిస్తేనే విన్నట్టు. శాక్సఫోన్ గాలి మధ్యలోంచి ఊడిపడ్డట్టు మొదలైంది. నేను కళ్లు మూసుకున్నాను. కొంతసేపటికి సునంద మెల్లగా అడిగింది, "పాట ఎప్పుడొస్తది టీచర్?" "ఇదే పాట" అన్నాను. "ఇది గాదు. పాట." ఇంకో టేపు పెట్టాను. ఇంకొకటి. నాట్ల పాట మీద ఆయన గట్టు దాటినవి పద్నాలుగు టేపులున్నాయి నా దగ్గర. పద్నాలుగు పెట్టాను. ఒక్కదాంట్లో కూడా పాట లేదు. అది నాకు అప్పుడే తెలిసిందంటే నమ్ముతారా? ఇన్నేళ్లు విన్నాను, ఒక్కసారి కూడా లోటు అనిపించలేదు. పాట నా తలలో ఉంది కదా, అది అయ్యాక టేపు మొదలవుతుంది కదా అనుకుంటూ విన్నాను.

"అంటే మా అమ్మ పాట వచ్చినప్పుడల్ల ఆపేసిండ్రా?" అంది సునంద. నాకు ముందు కోపం వచ్చింది. క్యాసెట్లు దొరికేవి కావని, నీకేం తెలుసు ఆ రోజులని, మేము పట్టకపోతే మీ బాపు ఊపిరి ఒక్కటి కూడా మిగిలేది కాదని గట్టిగానే అన్నాను. బడిలో పిల్లల మీద అరిచిన గొంతు ఇంకా పోలేదు. ఆమె తల వంచుకొని విన్నది. విన్నాక, "నిజమే టీచర్. మీరు మస్తు జేసిండ్రు. కని నాకు గావాల్సింది అది గాదు" అంది. సరే, నేనే పాడి వినిపిస్తానని గొంతు సవరించుకున్నాను. పాడబోతే నా నోట ఆశయ్య గట్టు దాటిందే వస్తోంది. చేవెళ్ల అంగడి టేపును మొదటి ఊపిరి నుంచి చివరి ఊపిరి దాకా అప్పజెప్పగలను. దాని ముందున్న నాలుగు వరుసలు రాలేదు. మళ్లీ మళ్లీ ప్రయత్నించాను. రాలేదు. తప్పు నాదే బిడ్డా అన్నాను. నా డెబ్భై ఏళ్లలో ఆ మాట ఎన్నిసార్లు అన్నానో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

మర్నాడు ఎంకపల్లి పోయాను. లచ్చమ్మ మా మళ్లలోనే నాట్లు వేసేది, ఆమెతో కలిసి వంగినవాళ్లు ఒకరిద్దరైనా ఉంటారని ఆశ. మా మడి ఉన్నచోట ఇప్పుడు తెల్ల గుడ్డల కింద పూలు పెంచుతున్నారు. పక్కది ఎవరిదో ఫామ్ హౌస్, కుక్క ఒకటే మొరుగుడు. ఇంకా వరి వేసే కొద్దిమంది దగ్గరికి దూరపు రాష్ట్రాల కూలీలు వచ్చి నాట్లు వేసి పోతారు, వాళ్ల పాటలు వాళ్లవి, బాగానే ఉంటాయి, నాకు అర్థం కావు. ఒక పెద్దామె దొరికింది గానీ పాట అడిగితే మోకాళ్ల నొప్పుల సంగతి చెప్పింది. ఇంకొకామె హుషారుగా గొంతెత్తింది, అది టీవీ సీరియల్ పాట. అప్పట్లో ఈ పాట రాగం ఎరగని మనిషి ఈ ఊళ్లలో లేడు. అందుకే మేము ఆపే మీట నొక్కాం. ఈ కాలాన్ని తిట్టే అలవాటు నాకు లేదు. ఇప్పటి పిల్లలు పెళ్లిలో అప్పగింతల నుంచి అన్నం విస్తరి దాకా అన్నీ ఫోనులో పట్టుకుంటారు, పట్టినదాన్ని మళ్లీ చూడరు అని నేనే ఎన్నోసార్లు వెక్కిరించాను. మేము పట్టిన ప్రతి ముక్కనూ వందలసార్లు విన్నాం, ఆ గర్వం నాకు ఉంది, ఉంటుంది. కానీ వాళ్లు ఏదీ ఏరకుండా పడతారు. మేము ఏరాం, ఏరి అవతల పారేసిందే ఇవాళ సునందకు కావాల్సి వచ్చింది.

ఊరుకునే రకాన్ని కాదు నేను. టేపులవాళ్లం ఇంకా ఏడుగురం మిగిలాం, మాకొక వాట్సాప్ గ్రూపు ఉంది. వచ్చే ఆదివారం మా ఇంటికి అందరూ రావాలని, రానివాళ్ల దగ్గరున్న టేపులు నేనే వచ్చి గుంజుకుపోతానని రాశాను. అందరూ వచ్చారు, నర్సింలును కూడా ఎవరో కారులో ఎక్కించుకొచ్చారు. సునంద కూడా వచ్చి వంటింటి గడప మీద కూర్చుంది. ఒక్కొక్కరు ఒక్కో రాగం తీశారు. ఒకాయన పాడిందాన్ని ఇంకొకాయన బతుకమ్మ పాటన్నాడు. వియ్యంకులిద్దరూ మళ్లీ మొదలుపెట్టారు. నర్సింలు మాత్రం గోడల వెంట దేనికోసమో వెతుక్కుంటున్నాడు. ఎనభై దాటిన మనిషి, చేతులు వణుకుతుంటాయి. చివరికి నా వైపు తిరిగి, "డోలున్నదా?" అన్నాడు. లేదన్నాను. "అయితె గా పీట ఇటియ్యి. జర అందరు గమ్మునుండుండ్రి."

పీట ఒళ్లో పెట్టుకున్నాడు. "అంగడి టేపు పెట్టమ్మా" అన్నాడు. పెట్టాను. కొంతసేపు దాని వెంట కొట్టాడు, వణుకుతున్న చేతులు పీట చెక్క తగలగానే కుదురుకున్నాయి. "ఇగ బంద్ జెయ్యి" అన్నాడు. ఆపాను. "మీరు టేపు ఆపినప్పుడు నేను ఆపలే గదా. ఆయన పాట వాయిస్తుంటె ఎంబడి కొట్టింది నేనే గదా. నోట్లె లేకపోతె లేదు, చేతుల ఉంటది" అని వేరే దెబ్బ అందుకున్నాడు. నింపాదిగా ఉంది, అడుగు తీసి అడుగు వేసినట్టు. బురదలో వెనక్కి నడిచే నడక అది. అది విన్నానో లేదో నా మెడ వెనక ఏదో కదిలింది. పక్కనున్నాయన పెదవులు కదిలాయి. ఎవరు ముందు ఎత్తుకున్నారో చెప్పలేను, మొదటి వరుస వచ్చేసింది. ఆ వెనకే రెండోది. మూడో దానికి తప్పు తొవ్వ పట్టాం, నర్సింలు పీట మీద గట్టిగా చరిచి మళ్లీ వెనక్కి తెచ్చాడు. నాలుగు వరుసలు, నాలుగే, ఎనిమిది ముసలి గొంతుల్లో, బొంగురుగా, ఒకరి వెనక ఒకరు. మాటలు ఎవరికీ రావు. ఆశయ్య శాక్సఫోన్ మీద విన్నవాళ్లం, మాకు ఊఁ ఊఁ అనడమే వచ్చు. రెండోసారి అందుకున్నాం.

అప్పుడు గడప దగ్గర నుంచి మాటలు వినిపించాయి. సునంద పాడుతోంది. మా వైపు చూడటం లేదు, ఎక్కడో నేలను చూస్తూ, చిన్నపిల్ల గొంతుతో, తడుముకోకుండా పాడుతోంది. పాటలోనే నారు కట్ట విప్పమని వదినెను పిలిచింది, నడుము నొస్తున్నదని మరిదితో చెప్పింది. మేము గొంతులు తగ్గించాం, నర్సింలు చేతులు మాత్రం ఆపలేదు. మూడో చరణం వచ్చింది.

"పట్నంల ఊదేటి ఓ ఆశయ్యా
మన మడికి నీళ్లెవరు వెడుదురయ్యా"

అప్పటి ఆడవాళ్లు మొగుడి పేరు నోట చెప్పేవాళ్లు కాదు. పక్కవాళ్లను ఉడికిస్తూ పాడే నాట్ల పాటల్లో మాత్రమే, బురదలో వంగి ఉన్నప్పుడు మాత్రమే, ఆ పేరు ధైర్యంగా అనేవాళ్లు. సునంద పాట మధ్యలో ఆగిపోయింది. "గిదేంది? దీంట్ల మా బాపు పేరున్నది" అంది.

"మీ అమ్మ పిలుస్తుండె బిడ్డా," అన్నాడు నర్సింలు. "ఆయన పట్నంల ఉన్నన్ని రోజులు గిట్లనే పిలుస్తుండె. మడి మడంత నవ్వుతుండె."

ఇన్నేళ్లు ఆ పాట మీద కొట్లాడుకున్నాం, ఎన్ని చోట్ల ఎంత దూరం పోయాడో కొలుచుకున్నాం. ఆ పాట ఆయన్ను ఇంటికి రమ్మని పిలిచిన పాట అని ఏడుగురిలో ఒక్కరికి కూడా తెలియదు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. సునంద కొంగుతో మొహం గట్టిగా తుడుచుకుంది. మా మధ్యలోకి వచ్చి, నర్సింలు మోకాలి పక్కనే చాప మీద కూర్చుంది.

"మల్ల కొట్టు తాత. మొదటికెల్లి. ఈసారి నేను ఎత్తుకుంట, మీరు నా ఎంబడి రాండ్రి" అంది.